వోయిలీ లేని నేలలో వోయిలీ గుంతలు: మార్చి నుంచి నవంబర్ దాకా

మార్చి 9

వోయిలీ అనే జంతువు తవ్వేలాంటి గుంతలు నా చేతులతో తవ్వే పని ఎందుకు మొదలుపెట్టానో ముందే రాసి పెట్టుకుంటున్నా.

మేం ఉండేది పెర్త్‌లో. ఊరికి గంటన్నర దూరంలో, బ్రూక్టన్ వైపు, గోధుమ పొలాల మధ్య మాకు ఐదెకరాల చిన్న స్థలం ఉంది. మూడేళ్ల కింద కొన్నాం. సగం పాత అడవి, అంటే తెల్ల బెరడు వాండూ యూకలిప్టస్ చెట్లూ, జామ్ చెట్లూ. (మన జామ చెట్టు కాదు. ఇది తుమ్మ జాతి చెట్టు, పచ్చి కట్టె కోస్తే అచ్చం రాస్ప్‌బెర్రీ జామ్ వాసన వస్తుంది కాబట్టి ఆ పేరు.) మిగతా సగం ఎప్పుడో గొర్రెలు మేసి వదిలేసిన నేల.

సమస్య ఏంటంటే, వాన పడితే నీళ్లు లోపలికి ఇంకవు. ఇవాళ మళ్లీ చూశా. ఆకులు పక్కకి తోసి, పొడి ఇసుక మీద డ్రాపర్‌తో ఒక్క నీటి చుక్క వేశా. తామరాకు మీద నీటిబొట్టులాగా గుండ్రంగా నిలబడింది. ఆకాశం అందులో కనిపిస్తోంది, అంచున రెండు ఇసుక రేణువులు అంటుకుని ఉన్నాయి, బొట్టు మాత్రం కదలదు, పీల్చుకోదు. ఫోన్‌లో టైమర్ పెట్టుకుని కూర్చున్నా. 4 నిమిషాలు దాటాక ఇంకింది. యూకలిప్టస్ ఆకుల్లో ఉండే మైనంలాంటి పదార్థం కుళ్లి ఇసుక రేణువుల మీద పొరలా పట్టుకోవడం వల్ల ఇలా అవుతుంది. ఇక్కడి రైతులు దీన్ని నాన్-వెటింగ్ సాయిల్ అంటారు, పడమటి ఆస్ట్రేలియా రైతులందరికీ తెలిసిన తలనొప్పి ఇది.

ఇక్కడ ఏడాదికి 450 మిల్లీమీటర్లు అటూ ఇటూగా వాన పడుతుంది, అదీ చలికాలంలో (ఇక్కడ చలికాలం అంటే జూన్ నుంచి ఆగస్టు). అనంతపురం జిల్లాలో పుట్టిన నాకు, పడిన నాలుగు చినుకులు కూడా పైపైన జారిపోయి వాగులో కలిసిపోతుంటే చూస్తూ ఊరుకోవడం కష్టం. మా నాన్న జీవితమంతా పంట కుంటలూ, ఇంకుడు గుంతలూ తవ్వుకుంటూనే గడిపాడు.

ఒకప్పుడు ఈ నేలకి ఆ గుంతలు తవ్వే జంతువు ఉండేది. దాని పేరు వోయిలీ. ఇక్కడి నూంగార్ ప్రజల భాష నుంచి వచ్చిన పేరు. పుస్తకాల్లో బ్రష్-టెయిల్డ్ బెటాంగ్ అని రాస్తారు. చూడ్డానికి పెద్ద ఎలుకలా ఉంటుంది, కానీ ఎలుకతో ఏ సంబంధమూ లేదు. కంగారూలకి దగ్గరి చుట్టం, కడుపు సంచిలో పిల్లని మోసే జాతి, వెనక కాళ్ల మీద గెంతుతుంది. బరువు కిలో నుంచి కిలోన్నర. తోక చివర నల్లటి కుచ్చు. ఆ తోకని కొంచెం చుట్టి, గూటికి కావలసిన గడ్డీ బెరడూ దాంతోనే మోసుకుపోతుంది.

రాత్రంతా తవ్వుతూనే ఉంటుంది, భూమి లోపలే కాసే పుట్టగొడుగుల కోసం. ఒక్క వోయిలీ ఒక్క రాత్రిలో 40 నుంచి 100కి పైగా గుంతలు తీస్తుందని, ఏడాదికి దాదాపు 5 టన్నుల మట్టి తిరగేస్తుందని పరిశోధకులు లెక్క కట్టారు. మొదటిసారి చదివినప్పుడు పొరపాటుగా రాశారేమో అనుకున్నా.

మా స్థలంలో వోయిలీలు లేవు, చుట్టుపక్కల మైళ్ల దూరం లేవు. కాబట్టి ప్రాజెక్టు ఇదీ: అవి తీసేలాంటి గుంతలు నేనే నా చేతులతో తీసి, ఈ చలికాలం గడిచేసరికి ఆ నేలలో ఏం మారుతుందో చూడాలి.

మార్చి 23

మూడు మళ్లు గుర్తు పెట్టాం, ఒక్కోటి 5 మీటర్లు ఇంటు 5 మీటర్లు. మేకులు కొట్టి, నూలు తాడు కట్టాం. మొదటి మడి ముట్టుకోకూడదు. రెండో మడిలో గుంతలు మాత్రమే. మూడో మడి జామ్ చెట్ల పక్కన, అందులో గుంతలతో పాటు శ్రీగంధం గింజలు.

శ్రీగంధం ఎందుకొచ్చిందో చెప్పాలి. ఇక్కడ అడవిలో సహజంగా పెరిగే గంధం చెట్టు ఒకటి ఉంది, మన మైసూరు గంధానికి చుట్టం, అదే జాతిలో వేరే రకం. 1840ల నుంచే ఇక్కడి నుంచి ఆసియాకి ఓడల్లో గంధపు చెక్క ఎగుమతి చేశారు, కొట్టి కొట్టి అడవులు ఖాళీ చేశారు. కొట్టిన చెట్లు సరే, మళ్లీ కొత్త మొక్కలు ఎందుకు సరిగ్గా రావడం లేదు అనే ప్రశ్నకి దొరికిన జవాబుల్లో ఒకటి వోయిలీ. గంధం గింజ గోలీ కాయంత గుండ్రంగా ఉంటుంది, పెంకు గట్టిది. వోయిలీ ఆ గింజల్ని తినడమే కాక, తర్వాత తిందామని ఒక్కొక్కటీ మోసుకెళ్లి అక్కడక్కడా పూడ్చిపెడుతుంది. తిరిగి తవ్వుకోని గింజలు తల్లి చెట్టుకి దూరంగా, సరైన లోతులో మొలుస్తాయి. వోయిలీ లేని చోట గింజలన్నీ తల్లి చెట్టు కిందే పోగుపడి, ఎండిపోయి, అక్కడే ఉండిపోతాయి.

నాన్నకి ఫోన్ చేసి చెప్పా. "ఎలకంత జంతువు అయిదు టన్నులా? సరిగ్గా చూసినావా పాపా?" అన్నాడు. గంధం సంగతి చెప్తే మాత్రం వెంటనే పట్టుకున్నాడు. మా ఊరి పక్కన ఈమధ్య చాలామంది శ్రీగంధం వేశారు. గంధం మొక్క తనంతట తాను బతకలేదు, పక్క మొక్క వేరులోకి తన వేరు దించి అందులోంచి నీళ్లూ పోషకాలూ తీసుకుంటుంది. అందుకే అక్కడ మొదట కంది, తర్వాత సరుగుడు లాంటివి తోడు పెడతారు. "మనం కంది పెడతాం, మీ దగ్గర ఆ జామ్ చెట్టు. అంతే కదా?" అన్నాడు. అంతే. నాకు అరగంట పట్టిన విషయం ఆయన ఒక్క మాటలో తేల్చేశాడు.

ఏప్రిల్ 13

మొదటి తవ్వకం.

సాధనం: తోటపనికి వాడే మూడు పళ్ల చిన్న పలుగు. వోయిలీ ముందు కాళ్ల గోళ్లకి దగ్గరగా ఉంటుందని అదే ఎంచుకున్నా, పార వాడలేదు. గుంత లోతు 10 నుంచి 15 సెంటీమీటర్లు, పైన వెడల్పు నా పిడికిలికి కొంచెం ఎక్కువ. తీసిన మట్టి ఒక పక్కకి కుప్పగా.

పొద్దున 7 గంటలకి మొదలుపెట్టా. 100 గుంతలు తీద్దామని, అంటే బాగా ఆకలేసిన వోయిలీ ఒక రాత్రి చేసే పని చేద్దామని అనుకున్నా. 2 గంటల 40 నిమిషాలు తవ్వాక 64 దగ్గర ఆపేశా. పైన ఇసుకే కానీ కిందికి వెళ్తే గులకరాళ్లతో బిగుసుకుపోయిన ఎర్ర మట్టి, పలుగు పళ్లు గీరుకుంటూ జారిపోతాయి. అరచేతిలో బొబ్బలు, మోకాళ్ల కింద పెట్టుకున్న రబ్బరు చాప ఉన్నా కూడా నొప్పి.

20 గుంతల మట్టిని వంటింటి త్రాసు మీద తూచా. సగటున గుంతకి 190 గ్రాములు వచ్చింది. 64 గుంతలంటే 12 కిలోలు. ఆ 5 టన్నుల లెక్కని 365 రాత్రులతో భాగిస్తే రాత్రికి సుమారు 14 కిలోలు వస్తుంది. అంటే ఇవాళ నేను చేసింది దాదాపు ఒక వోయిలీ ఒక రాత్రి పని. ఆ జంతువు బరువు కిలోన్నరకి మించదు కదా, తన బరువుకి పది రెట్ల మట్టి అది రోజూ కదిలిస్తోంది. 60 కిలోల నేను ఆ నిష్పత్తిలో చేయాలంటే రాత్రికి 600 కిలోలు తవ్వాలి, మర్నాడు మళ్లీ, ఆ మర్నాడు మళ్లీ. ఈ లెక్క వేశాక నాకు ఆ జంతువంటే గౌరవం వచ్చింది. అంతకు ముందు ముద్దుగా ఉంటుందన్న ఇష్టమే ఉండేది.

ఏప్రిల్ 14

నిద్ర లేచాక చేతులు పిడికిలి బిగించలేకపోయా. మా ఆయన మిగతా 36 తవ్వి రెండో మడిలో 100 పూర్తి చేశాడు. మూడో మడిలో 30 గుంతలు ఇద్దరం కలిసి.

గంధం గింజలు 40 నర్సరీలో కొన్నాం. 20 గింజల్ని గుంతల పక్కన తీసిన మట్టిలో 4 సెంటీమీటర్ల లోతున, ఒక్కో చోట ఒక్కోటి, జామ్ చెట్ల మొదళ్లకి ఒకటి రెండు మీటర్ల దూరంలో పెట్టాం. మిగతా 20 జామ్ చెట్ల కిందే ఆకుల మీద అలా వదిలేశాం, పోల్చి చూడ్డానికి. మా పాప ఒక్కో చోటా రంగు వేసిన ఐస్‌క్రీమ్ పుల్ల గుచ్చి నెంబర్ రాసింది.

మే 4

ఇంకా వాన లేదు. గుంతల్లో అప్పుడే ఏదో జరుగుతోంది. గాలికి కొట్టుకొచ్చిన ఎండుటాకులు, బెరడు ముక్కలు, గడ్డి గింజలు గుంతల్లో చేరుతున్నాయి. ముట్టుకోని మడిలో ఇవన్నీ పైన పరుచుకుని పొరలా ఉంటాయి, ఎండాకాలంలో నిప్పు అంటుకుంటే మండేది ఆ పొరే. గుంతలో పడ్డ ఆకు మట్టిలో కలిసి కుళ్లిపోతుంది. ఇలా తవ్వే జంతువులు ఉన్న అడవిలో నేల మీద ఎండుచెత్త తక్కువ ఉంటుందని చదివా, ఇప్పుడు చిన్న స్థాయిలో కళ్లముందు కనిపిస్తోంది.

కెమెరా పెట్టిన సంగతి రాయలేదు. కదలికని పసిగట్టి ఫొటో తీసేది ఒకటి, మూడో మడి పక్కన వాండూ చెట్టుకి కట్టాం. మూడు వారాల ఫొటోలు ఇవాళ చూశా: కుందేళ్లు 40కి పైగా, కంగారూలు, ఒక ముళ్లపందిలాంటి ఎకిడ్నా, మూడు వేర్వేరు రాత్రుల్లో నక్క, ఒక రాత్రి పిల్లి. పెంపుడు పిల్లి కాదు, అడవిపిల్లిలా తిరిగే బలిసిన పిల్లి.

ఆ నక్క ఫొటోలో మా పుల్లల పక్కనే నిలబడి గుంత వాసన చూస్తోంది. మా స్థలంలో వోయిలీ ఎందుకు లేదో అడిగితే ఈ ఒక్క ఫొటో చూపిస్తే చాలు.

మే 5

నిన్న రాసింది చాలక, రాత్రి కూర్చుని చదివిన వాటిలోంచి వివరంగా రాస్తున్నా, ఇది తెలియకపోతే మిగతా ప్రాజెక్టుకి అర్థం లేదు.

వోయిలీలు ఒకప్పుడు ఆస్ట్రేలియా ఖండం దక్షిణ భాగంలో ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఉండేవి. అడవులు కొట్టి గోధుమ వేయడం, యూరప్ నుంచి తెచ్చిన నక్కలూ పిల్లులూ, ఇవన్నీ కలిసి 1970ల నాటికి పడమటి ఆస్ట్రేలియాలో మూడే చోట్ల మిగిలాయి: డ్రయాండ్రా, టుటానింగ్, పెరప్. ఆ మూడు చోట్ల అవి బతకడానికి ఒక కారణం ఏమై ఉంటుందంటే, అక్కడ గాస్ట్రోలోబియం అనే విషపు పొదలు పెరుగుతాయి. ఆ పొదల్లో ఉండేది ఫ్లోరోఅసిటేట్ అనే విషం. వేల ఏళ్లుగా వాటి మధ్యే బతికిన ఇక్కడి జంతువులు దాన్ని తట్టుకుంటాయి, బయటి నుంచి వచ్చిన నక్క తట్టుకోలేదు. 1080 అనే పేరుతో ఎరల్లో పెట్టే విషం అదే పదార్థం. ఎండు మాంసం ముక్కల్లో పెట్టి అడవిలో వేస్తే నక్క చస్తుంది, వోయిలీకి ఏం కాదు. రోడ్ల పక్కన '1080 ఎరలు వేశాం, కుక్కల్ని తేవద్దు' అని బోర్డులు కనిపిస్తాయే, అవి ఇందుకే.

ఈ పద్ధతితో వోయిలీలు ఎంత బాగా పెరిగాయంటే 1996లో వాటిని ప్రమాదంలో ఉన్న జంతువుల జాబితాలోంచి తీసేశారు. పండగ చేసుకోవలసిన వార్త అది. కానీ 1999 తర్వాత మళ్లీ కూలిపోవడం మొదలైంది, 2006 నాటికి సుమారు 90 శాతం పోయాయి. నక్కలు తగ్గితే పిల్లులు పెరిగాయని, పైగా రక్తంలో చేరే ట్రిపనోసోమా లాంటి పరాన్నజీవులు వాటిని నీరసపరిచి ఉండొచ్చని అంటారు. ఇప్పుడు ఇవి మళ్లీ అత్యంత ప్రమాదంలో ఉన్న జాతి. కంచె వేసి నక్కా పిల్లీ లేకుండా చేసిన చోట్ల మాత్రం బాగున్నాయి, పెర్త్ పక్కనే వైట్‌మన్ పార్క్‌లో కంచె లోపల ఉన్నాయి, చిడ్లో దగ్గర కారకామియాలో ఉన్నాయి. ఐదెకరాలకి అలాంటి కంచె వేయడం మా వల్ల అయ్యే పని కాదు, వేసినా ఆ స్థలం వాటికి చాలదు.

జాబితాలోంచి తీసేసిన జంతువు పదేళ్లలో ఇలా అయిపోవడం నన్ను చాలా బాధపెట్టింది. బాగైపోయిందిలే అని చూడ్డం మానేసిన రోజుల్లోనే అవి చచ్చిపోయాయి.

మే 25

వాన! రాత్రి 14 మిల్లీమీటర్లు. పొద్దున్నే బయల్దేరి వచ్చేశాం.

ముట్టుకోని మడిలో పైన తడి, కాలితో గీరితే ఒక సెంటీమీటర్ కింద మట్టి పొడిపొడిగా, దుమ్ములా ఉంది. రెండో మడిలో గుంత అడుగున చెయ్యి పెడితే చల్లగా, జిగురుగా ముద్ద అవుతోంది. ఒక గుంతని నిలువుగా సగానికి కోసి చూశా: అడుగు నుంచి కిందికి, పక్కలకి, దాదాపు జానెడు మేర మట్టి నల్లగా తడిసి ఉంది, గుంత మూతి చుట్టూ మాత్రం పొడి. నేల పైపొర ఒక రేకు కప్పు అనుకుంటే, నేను దానికి 100 చిల్లులు పెట్టా.

ఇంకే వేగం కొలిచే పద్ధతి రాసుకుంటున్నా, ఎవరైనా చేయాలనుకుంటే పనికొస్తుంది. 10 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న పీవీసీ పైపు ముక్క, పొడవు 15 సెంటీమీటర్లు. దాన్ని 3 సెంటీమీటర్లు నేలలోకి దించి, అర లీటర్ నీళ్లు నెమ్మదిగా పోసి, మొత్తం ఇంకే దాకా టైమర్. ఏప్రిల్‌లో పొడిగా ఉన్నప్పుడు మొదటి మడిలో 20 నిమిషాలైనా నీళ్లు ఇంకా నిలిచే ఉన్నాయి, గుంతలో 3 నిమిషాల 40 సెకన్లు. ఇవాళ మొదటి మడిలో 11 నిమిషాలు, గుంతలో 2 నిమిషాల లోపే. వాన పడ్డాక ముట్టుకోని నేల కూడా కొంత మెత్తబడుతుంది, కాబట్టి తేడా అంతా గుంతల వల్లే అని రాయను. పొడి నేల మీద పడే మొదటి వానకే గుంత అన్నిటికంటే ఎక్కువ ఉపయోగం.

ఒక తప్పు కూడా బయటపడింది. రెండో మడి కొంచెం ఏటవాలు. మొదటి రోజు తవ్విన వాటిలో చాలా గుంతలకి మట్టి కుప్ప ఎగువ వైపు వేశా. పైనుంచి జారే నీళ్లు ఆ కుప్పకి తగిలి పక్కకి తిరిగిపోయాయి, గుంతలోకి రాలేదు. దిగువ వైపు కుప్ప ఉన్న చోట చిన్న కట్టలా నీటిని పట్టి ఆపింది. నాన్న వింటే ఏమంటాడో తెలుసు, కట్ట ఎప్పుడూ దిగువనే వేస్తారు. ఎగువ కుప్పలన్నీ చేత్తో దిగువకి మార్చా, 41 గుంతలు.

జూన్ 22

చలి బాగా ఉంది. గుంతల్లో గడ్డి మొలకలు, ఎవర్‌లాస్టింగ్ పూల మొక్కల్లాంటివి చిన్నచిన్నవి. రెండో మడిలో ఒక్కో గుంతలో సగటున మూడు నాలుగు మొలకలు లెక్కపెట్టా. వాటిలో సగం కలుపు గడ్డే, ఓట్స్ జాతి గడ్డి, అది మంచి వార్త కాదు. పీకేస్తున్నా.

గంధం ఇంకా లేదు. పైన వదిలేసిన 20 గింజల్లో 9 కనిపించడం లేదు, రెండు పగిలిన పెంకులు దొరికాయి. ఇక్కడ ట్వెంటీ-ఎయిట్ అని పిలిచే పచ్చ చిలుకలు తిరుగుతుంటాయి, లేదా చిట్టెలుకలు. కెమెరాలో దొరకలేదు.

జూలై 13

డ్రయాండ్రా వెళ్లాం, ఇక్కడి నుంచి దూరం లేదు. అక్కడ బార్నా మియా అని ఒక చోటు ఉంది, చీకటి పడ్డాక ఎర్ర లైటు టార్చ్‌లు ఇచ్చి కంచె లోపల నడిపిస్తూ రాత్రిపూట జంతువుల్ని చూపిస్తారు. బిల్బీ, మాలా, బూడీ, వోయిలీ. బూడీ కూడా వోయిలీలాగే ఎలుక కంగారూల కుటుంబమే, కానీ బొరియలు తవ్వుకుని గుంపుగా ఉంటుంది. వోయిలీ ఒంటరి, పొదల కింద గడ్డీ బెరడూ అల్లిన గుండ్రటి గూట్లో పగలంతా పడుకుంటుంది.

ఆ కుటుంబం మొత్తం మీద ఆలోచిస్తే మనసు బరువెక్కుతుంది. గిల్బర్ట్స్ పొటొరూ అనేది వందేళ్లకి పైగా కనిపించక అంతరించిందని అందరూ అనుకున్నాక 1994లో ఆల్బనీ దగ్గర టూ పీపుల్స్ బే అడవిలో మళ్లీ దొరికింది. ఎడారి ఎలుక కంగారూ 1931లో అలాగే మళ్లీ దొరికి, నాలుగేళ్లకే, 1935 తర్వాత, ఎవరికీ కనబడకుండా పోయింది.

మా పాప పక్కనే మీటర్ దూరంలోకి ఒక వోయిలీ వచ్చింది. ముందు కాళ్లు రెండూ ఒకేసారి, కుట్టుమిషన్ సూది ఆడినట్టు, నేలలో ఆడించింది. రెండు మూడు సెకన్లు. ముక్కు లోపల పెట్టింది, ఏమీ దొరకలేదేమో వదిలేసి ముందుకు గెంతింది. నాకు గుంతకి రెండున్నర నిమిషాలు పట్టింది.

ఆగస్టు 3

మొలిచింది!! మూడో మడి, 12వ నెంబర్ పుల్ల. ఎర్రటి సన్నటి కాడ, మెడ వంచుకుని మట్టిలోంచి పైకి వస్తోంది, రెండు సన్నటి ఆకులు ఇంకా విచ్చుకోలేదు. పక్కనే 4, 17 నెంబర్లు కూడా నేలని చీల్చుకుని వస్తున్నాయి.

నాన్నకి వీడియో కాల్‌లో చూపించా. చాలాసేపు చూశాడు. "తోడు చెట్టు వేరు అందిందాకా దానికి ప్రాణగండమే. ఎండాకాలం లోపల పట్టుకోవాల" అన్నాడు.

ఆగస్టు 24

పూడ్చిన 20 గింజల్లో మొత్తం 7 మొలిచాయి. పైన వదిలేసిన వాటిలో సున్నా. 20 గింజలతో పెద్ద మాటలు చెప్పకూడదు, అయినా ఆ సున్నా చాలా స్పష్టంగా ఉంది.

మూడు మొక్కల్ని కుందేళ్లు కొరికేశాయి, మొదలు దాకా, కత్తెరతో కత్తిరించినట్టు. చికెన్ మెష్ గొట్టాలు ముందే పెట్టాల్సింది, గింజ పెట్టిన రోజే. మిగిలిన నాలుగింటికి ఇవాళ పెట్టాం, అడుగు భాగం మట్టిలోకి 5 సెంటీమీటర్లు దించి.

ఇంకో విషయం చాలా రోజులుగా మనసులో నలుగుతోంది. నేను చేస్తున్నది వోయిలీ పనిలో సగమే. అది భూగర్భ పుట్టగొడుగుల్ని తింటుంది, వాటి సిద్ధబీజాలు అరగవు, పెంటికలతో పాటు ఇంకో చోట పడతాయి. ఆ శిలీంధ్రాలు యూకలిప్టస్ వేళ్లకి చుట్టుకుని, చెట్టుకి మట్టిలోంచి నీళ్లూ భాస్వరం లాంటి పోషకాలూ అందిస్తాయి, బదులుగా చెట్టు నుంచి చక్కెర తీసుకుంటాయి. గుంత, ఆ గుంత పక్కనే ఎరువు, ఆ ఎరువులోనే బీజం, అన్నీ ఒకే రాత్రి ఒకే జంతువు చేస్తుంది. నేను గుంత తవ్వుతా, గింజ పూడుస్తా. ఆ పుట్టగొడుగు బీజాలు చల్లే పని మాత్రం నా చేతిలో లేదు.

సెప్టెంబర్ 14

డ్రయాండ్రా వైపు ఒక సర్వేకి వాలంటీర్‌గా వెళ్లి వచ్చా. ఇది వివరంగా రాయాలి.

సాయంత్రం తీగ బోనులు వరసగా పెట్టాం, ఒక్కోదాంట్లో పీనట్ బటర్, ఓట్స్, సార్డీన్ చేపలు కలిపిన ఉండ. చేతులకి ఆ వాసన రెండు రోజులు వదల్లేదు. బోను మీద గోనెపట్టా కప్పాలి, లోపల జంతువుకి చీకటిగా ఉంటే టెన్షన్ తగ్గుతుంది. తెల్లవారుజామున, ఇంకా చీకటి ఉండగానే, చూడ్డానికి వెళ్లాం. ఎండ పడే లోపు అన్నీ వదిలేయాలి.

నాలుగో బోనులో వోయిలీ. టీమ్ లీడర్ బోను తలుపు దగ్గర నల్ల గుడ్డ సంచి పట్టి, లోపలికి వచ్చేలా చేసి, సంచితోనే స్ప్రింగ్ త్రాసుకి వేలాడదీసింది. సంచి పోగా 1,240 గ్రాములు. మైక్రోచిప్ చదివారు, ఇదివరకు పట్టుకున్న జంతువే. తర్వాత సంచిని కొంచెమే మడిచి, తల చీకట్లోనే ఉంచి, పొట్ట భాగం బయటికి తీశారు. కడుపు సంచి మూతి వేలితో తెరిచి చూపించింది నాకు: లోపల చిటికెన వేలంత, బొచ్చు లేని గులాబీ రంగు పిల్ల, చనుమొనకి అతుక్కుని ఉంది. కళ్లు మూతలే ఉన్నాయి, చెవులు తలకి అంటుకుని ఉన్నాయి. ఒక్కసారి ఒక్క పిల్లే, మూడు నెలలు సంచిలోనే ఉంటుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. బాగా భయపడిన తల్లి సంచి కండరాలు వదులు చేసి పిల్లని బయట పడేస్తుంది. వేటాడే జంతువు ముందు తల్లయినా బతకడానికి వచ్చిన గుణం అది. అందుకే వదిలే ముందు కడుపు సంచి మూతికి చిన్న టేపు ముక్క అంటించారు, ఒకటి రెండు రోజుల్లో తల్లే గోకి తీసేసుకుంటుందట, ఈలోపు పిల్ల మళ్లీ కుదురుకుంటుంది. నా చేతిలో సంచి ఉన్న ఆ నిమిషం, గుడ్డలోంచి దాని గుండె కొట్టుకోవడం నా అరచేతికి తెలుస్తూనే ఉంది, నేను ఊపిరి గట్టిగా తీసుకోలేదు.

గుడ్డ సంచి మూతి నేలకి పెట్టి వదిలితే, తల కిందికి దించి, తోక కర్రలా చాచి, ఒక్క దూకులో పొదల్లోకి దూసుకుపోయింది.

అక్కడి నేల చూశా, ఎక్కడ చూసినా గుంతలే. మోకాళ్ల మీద కూర్చుని స్కేలు పెట్టి 10 గుంతలు కొలిచా. నావి గిన్నెల్లా నిటారుగా ఉన్నాయి. వాటివి ఒక పక్కకి వాలి, మూతి ఇరుకుగా, వేరు పక్కనుంచి లోపలికి వెళ్తాయి. పై నుంచి ఎండ నేరుగా అడుగుని తాకదు. నేను ఐదు నెలలుగా వేరే ఆకారం తవ్వుతున్నా.

సెప్టెంబర్ 28

నాలుగో మడి మొదలుపెట్టాం. 40 గుంతలు, అన్నీ ఏటవాలుగా, మట్టి దిగువకి, సగం గుంతలు చెట్ల వేళ్ల పక్కనే. నిటారు గుంతల కంటే కష్టం, మణికట్టు తిప్పాలి. మొత్తం 170 గుంతలయ్యాయి.

నవంబర్ 16

వానలు ఆగిపోయాయి. నేల మళ్లీ బూడిద రంగు.

ఏప్రిల్ నాటి 130 గుంతల్లో 37 పూర్తిగా పూడిపోయాయి, ఆకులూ మట్టీ కలిసి. పూడిపోయిన ఒకదాన్ని తవ్వి చూశా: నల్లటి మెత్తటి మట్టి, రెండు వానపాములు, దానికి పక్కనున్న మామూలు నేల ఇంకా గట్టిగానే ఉంది. చుక్క పరీక్ష మళ్లీ చేశా. పూడిన గుంత మీద చుక్క 6 సెకన్లలో ఇంకింది. మొదటి మడిలో 3 నిమిషాలు దాటింది. నాలుగో మడి ఏటవాలు గుంతల అడుగున ఇవాళ కూడా చెమ్మ తగులుతోంది, నిటారు వాటిలో లేదు. అవి సెప్టెంబర్‌లో తవ్వినవి కదా, పోలిక సరి కాదు, వచ్చే ఏడాది రెండు రకాలూ ఒకే రోజు తవ్వాలి.

గంధం మొక్కలు నాలుగూ బతికే ఉన్నాయి. 12వ నెంబర్ జానెడు ఎత్తు, 14 ఆకులు. 17వ నెంబర్ మొక్క ఆకులు కొంచెం పసుపు తిరిగాయి, జామ్ వేరు ఇంకా అందలేదేమో. నీళ్లు పోయాలా వద్దా అని నాన్నని అడిగితే వద్దన్నాడు, నీళ్లు పోస్తే వేరు పైనే ఉండిపోతుంది, వెతుక్కుంటూ పోనీ అన్నాడు. పోయడం లేదు. 17 దగ్గర మాత్రం పడమటి వైపు గోనెపట్టా కట్టి మధ్యాహ్నం నీడ ఇచ్చా.

ఏప్రిల్‌కి కావలసినవి: గింజలు 100, చికెన్ మెష్ ఒక చుట్ట, పలుగు కొత్తది ఒకటి, పాత దానికి ఒక పన్ను విరిగింది. సర్వే వాళ్లకి మళ్లీ వస్తానని మెయిల్ పెట్టా.